ముందే సంపాదించిన క్రెడిట్లు, ముందున్న కాలేజీ

ఇంజినీరింగ్ కాలేజీ ఎంపిక గురించి మన ఇళ్లలో జరిగే చర్చ ఎక్కువగా ఇంటర్ చదివిన పిల్లల చుట్టూనే తిరుగుతుంది. ర్యాంకు ఎంత, ఏ బ్రాంచి, ఏ ఊరు, ఫీజు ఎంత అన్న నాలుగు ప్రశ్నలతో అది ముగుస్తుంది. పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసినవారికి, బి.ఎస్సీ చదివి ఇంజినీరింగ్ వైపు వస్తున్నవారికి, చదువుకుంటూనే ఆన్‌లైన్ కోర్సుల్లో సర్టిఫికెట్లు సంపాదించినవారికి ఐదో ప్రశ్న ఒకటి ఉంది. ఇప్పటికే చదివినదాన్ని ఆ కాలేజీ ఎలా లెక్కగడుతుంది?

ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు సూటిగా ఉండేది. డిప్లొమా ఉంటే లేటరల్ ఎంట్రీ పరీక్ష రాసి రెండో ఏడాదిలో చేరేవారు, లేకపోతే మొదటి ఏడాదిలో చేరేవారు. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత పరిస్థితి మారింది. క్రెడిట్ల బ్యాంకు వచ్చింది, ఆన్‌లైన్ కోర్సులకు గుర్తింపు పెరిగింది, ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతి దొరికింది. అవకాశాలతో పాటు అయోమయమూ పెరిగింది. ఏ క్రెడిటుకు ఎక్కడ విలువ ఉంటుందో ముందుగా చెప్పగలిగేవారు తక్కువ.

ఈ చిక్కును విడదీసి చూడడానికి కోల్‌కతా తగిన చోటు. దేశంలోని అతి పాత ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒకటి, స్వదేశీ ఉద్యమంలోంచి పుట్టిన విశ్వవిద్యాలయం, వృత్తి ఇంజినీర్ల జాతీయ సంస్థ ప్రధాన కార్యాలయం, పదుల సంఖ్యలో ప్రైవేటు కాలేజీలు ఇక్కడ, చుట్టుపక్కల ఉన్నాయి. మొదటి ఐఐటీ రైలు దూరంలోనే, ఖరగ్‌పూర్‌లో ఉంది. ముందు చదివిన చదువును ఈ సంస్థలు ఒక్కొక్కటి ఒక్కో రకంగా చూస్తాయి. పైగా ఖరగ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు బెంగాల్ దారి, ఆంధ్ర దారి రెండూ కళ్ల ముందుంటాయి.

ముందస్తు క్రెడిట్లు ఎన్ని రకాలు

మన దేశంలో ఇవి ప్రధానంగా నాలుగు రకాలు.

మొదటిది, అన్నిటికన్నా విస్తృతమైనది, పాలిటెక్నిక్ డిప్లొమా. పదో తరగతి తర్వాత మూడేళ్లు చదివి, ప్రవేశ పరీక్ష ద్వారా బి.టెక్ రెండో ఏడాదిలో, అంటే నేరుగా మూడో సెమిస్టర్‌లో చేరతారు. ఆ పరీక్ష పేరు పశ్చిమ బెంగాల్‌లో జెలెట్. దాన్ని రాష్ట్ర జాయింట్ ఎంట్రన్స్ పరీక్షల బోర్డు నిర్వహిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దాని పేరు ఈసెట్.

రెండోది గణితంతో కూడిన బి.ఎస్సీ డిగ్రీ. అది ఉన్నవారికీ ఈ పరీక్షల ద్వారా రెండో ఏడాదిలో ప్రవేశం ఉంది.

మూడోది ఆన్‌లైన్ కోర్సులు. ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్, 2017లో కేంద్రం ప్రారంభించిన స్వయం వేదిక ఇందులోకి వస్తాయి.

నాలుగోది సమాంతర డిగ్రీ. ఐఐటీ మద్రాసు 2020లో ప్రకటించిన డేటా సైన్స్ ఆన్‌లైన్ కోర్సు ఇందుకు ఉదాహరణ. ఏకకాలంలో రెండు డిగ్రీలు చేయడానికి విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2022లో అనుమతించాక, బి.టెక్ చదువుతూనే ఇలాంటి కోర్సు చేసే వీలు ఏర్పడింది.

నూట యాభై ఏళ్లకు పైబడిన నేపథ్యం

1856లో కలకత్తా రైటర్స్ బిల్డింగ్‌లో సివిల్ ఇంజినీరింగ్ కాలేజీ మొదలైంది. 1880లో అది హుగ్లీ నది అవతల ఉన్న శివ్‌పూర్‌కు మారింది. ఆ తర్వాత బెంగాల్ ఇంజినీరింగ్ కాలేజీగా పేరు తెచ్చుకుని, 2014లో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా మారి, ఐఐఈఎస్‌టీ శివ్‌పూర్ అయింది. బ్రిటిష్ కాలంలో పబ్లిక్ వర్క్స్ శాఖకు రెండు స్థాయిల మనుషులు కావాలి: ప్రణాళిక వేసే ఇంజినీరు, పని దగ్గర నిలబడి చేయించే ఓవర్సీరు. డిగ్రీకీ డిప్లొమాకూ మధ్య ఈనాటికీ ఉన్న గోడకు పునాది ఆ ఉద్యోగ వ్యవస్థలోనే పడింది.

బెంగాల్ విభజన వ్యతిరేక ఉద్యమ కాలంలో, 1906లో, బెంగాల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. ప్రభుత్వ ఉద్యోగం కోసం కాక దేశీయ పరిశ్రమ కోసం మనుషుల్ని తయారుచేయాలన్నది దాని సంకల్పం. ఆ వారసత్వమే 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంగా రూపుదిద్దుకుంది.

గోడ దాటాలనుకున్నవారికి చాలాకాలం దొరికిన దారి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్. 1920లో మద్రాసులో నమోదై, కలకత్తాను ప్రధాన కేంద్రంగా చేసుకున్న ఈ సంస్థకు 1935లో రాయల్ చార్టర్ లభించింది. ఉద్యోగం చేస్తూ, సొంతంగా చదువుకుంటూ, సెక్షన్ ఏ, సెక్షన్ బీ పరీక్షలు పాసైతే ఏఎంఐఈ దక్కేది. దాన్ని ఇంజినీరింగ్ డిగ్రీతో సమానంగా ప్రభుత్వాలు గుర్తించేవి. కాలేజీ గడప తొక్కే స్తోమత లేని ఎందరో డిప్లొమా ఉద్యోగులు ఆ దారిలోనే ఇంజినీర్లయ్యారు. 2013 మే 31 తర్వాత నమోదైనవారికి ఆ సమానత్వ గుర్తింపు ఆగిపోయింది. అప్పటినుంచి డిప్లొమా విద్యార్థికి కాలేజీ ఎంపిక మరింత కీలకమైంది. పనిచేసుకుంటూ ఇంటి దగ్గర చదివి డిగ్రీకి సమానం కావచ్చన్న ప్రత్యామ్నాయం పోయింది గనక.

కలకత్తా విశ్వవిద్యాలయం మరో ప్రయోగం చేసింది. అప్లైడ్ ఫిజిక్స్, రేడియో ఫిజిక్స్ అండ్ ఎలక్ట్రానిక్స్ వంటి విభాగాల్లో దశాబ్దాల పాటు బి.ఎస్సీ చదివినవారికే మూడేళ్ల బి.టెక్ నడిపింది. సైన్స్ డిగ్రీని అక్కడ గట్టి పునాదిగా చూశారు. ఒకప్పటి మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పద్ధతి కూడా అదే. బి.ఎస్సీ చదివి అక్కడ ఏరోనాటికల్ ఇంజినీరింగ్‌లో చేరిన అబ్దుల్ కలామ్ ఆ పద్ధతి ఫలితాల్లో ఒకరు. ఇటీవలి సంవత్సరాల్లో కలకత్తా విశ్వవిద్యాలయమూ నాలుగేళ్ల బి.టెక్‌కు మారింది.

1951లో ఖరగ్‌పూర్ పక్కన హిజ్లీలో మొదలైన ఐఐటీ వేరే దారి పట్టింది. ఐఐటీల బి.టెక్‌లో లేటరల్ ఎంట్రీ లేదు. ఐఐటీ ఖరగ్‌పూర్ మొదటి డైరెక్టర్ జ్ఞాన్ చంద్ర ఘోష్ పేరుతో కోల్‌కతాలో ఒక పాలిటెక్నిక్ ఉంది. అక్కడ డిప్లొమా పొందిన విద్యార్థి ఆయన తొలి రోజుల్లో నడిపిన సంస్థలో చదవాలంటే జేఈఈ రాసి మొదటి ఏడాదిలో చేరాల్సిందే. మూడేళ్ల డిప్లొమాను జేఈఈకి అర్హతగా ఒప్పుకుంటారు, క్రెడిట్‌గా మాత్రం ఒప్పుకోరు.

మిగిలేది నిజంగా ఒక ఏడాదేనా

లేటరల్ ఎంట్రీతో ఒక సంవత్సరం కలిసొస్తుందన్న మాట తల్లిదండ్రుల నోట తరచూ వినిపిస్తుంది. లెక్క వేసి చూడాలి. ఇంటర్ దారిలో పదో తరగతి తర్వాత రెండేళ్లు, ఆపై నాలుగేళ్లు. డిప్లొమా దారిలో మూడేళ్లు, ఆపై మూడేళ్లు. రెండూ ఆరేళ్లే. బి.ఎస్సీ మీదుగా వచ్చేవారికైతే ఎనిమిదేళ్లు. అంటే డిప్లొమా విద్యార్థికి మొత్తం కాలంలో ఆదా లేదు. మారేది ఆ ఆరేళ్లలో ఏం చదివారన్నది.

క్రెడిట్ల లెక్కలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2018 నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం బి.టెక్‌కు మొత్తం 160 క్రెడిట్లు, అంటే సగటున ఏడాదికి 40. లేటరల్ విద్యార్థి దాదాపు 120 క్రెడిట్లు పూర్తిచేస్తే డిగ్రీ వస్తుంది. ఉదాహరణకు కాకినాడ జేఎన్‌టీయూ ఆర్20 నిబంధనల్లో అది 121. మూడేళ్ల డిప్లొమాలో రెండేళ్లను ఇంటర్‌కు సమానంగా, ఒక ఏడాదిని బి.టెక్ మొదటి సంవత్సరానికి సమానంగా తీసుకుంటున్నారన్నమాట.

ఈ సమానత్వం కాగితం మీద సరిగ్గా సరిపోతుంది, పాఠాల్లో పూర్తిగా సరిపోదు. మొదటి ఏడాదిలో ఉండే వర్క్‌షాప్, ఇంజినీరింగ్ డ్రాయింగ్, ప్రాథమిక విద్యుత్ ప్రయోగాలు డిప్లొమా విద్యార్థికి బాగా వచ్చు. ఈ విషయాల్లో ఇంటర్ నుంచి వచ్చినవారికన్నా చేయి తిరిగి ఉంటుంది. కలనగణితం, రేఖీయ బీజగణితం, అవకలన సమీకరణాలు మాత్రం డిప్లొమాలో అంత లోతుగా ఉండవు. మొదటి సంవత్సరం మినహాయింపుతో పాటు ఆ గణితమూ దాటిపోతుంది. ఎలక్ట్రికల్ విద్యార్థికి సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో, ఆపై కంట్రోల్ సిస్టమ్స్‌లో ఈ లోటు ఎదురవుతుంది. సివిల్ విద్యార్థికి దూలాల వంపు లెక్కల్లో, మెకానికల్ విద్యార్థికి ద్రవగతి శాస్త్రంలో, కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి మెషీన్ లెర్నింగ్‌లో ఎదురవుతుంది. మినహాయించిన క్రెడిట్ తర్వాత వచ్చే సబ్జెక్టుల్లో తన బాకీ వసూలు చేసుకుంటుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. లేటరల్ విద్యార్థి సగటు గ్రేడు ఎనిమిది సెమిస్టర్ల మీద కాక ఆరింటి మీదే పడుతుంది. ఒక సెమిస్టర్ దెబ్బతింటే ఆ బరువు ఎనిమిదో వంతు నుంచి ఆరో వంతుకు పెరుగుతుంది. ఆ దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువగా ఉన్నది చేరిన మొదటి సెమిస్టర్‌లోనే. కౌన్సెలింగ్ ఆలస్యమైతే తరగతులు మొదలయ్యాక చేరాలి, కొత్త చోట కుదురుకుంటూనే లోతైన గణితాన్ని ఎదుర్కోవాలి.

నాలుగు వాదాలు

కాలేజీని ఏ ప్రాతిపదికన ఎంచుకోవాలన్న విషయంలో అధ్యాపకులు, కుటుంబాలు, సీనియర్ విద్యార్థుల మాటల్లో నాలుగు వాదాలు కనిపిస్తాయి.

*సంస్థ పేరు ముందు.* జాదవ్‌పూర్ వంటి చోట సీటు వస్తే బ్రాంచి కాస్త అటూ ఇటూ అయినా వదులుకోకూడదని ఈ వాదం. దీనికి బలమైన ఆధారం ఉంది. మంచి తోటి విద్యార్థులు, మంచి ప్రయోగశాలలు, ఉద్యోగాలిచ్చే సంస్థల రాక ఒక పేరున్న చోటనే కలిసి దొరుకుతాయి. జాదవ్‌పూర్ విషయంలో ట్యూషన్ ఫీజు కూడా చాలా తక్కువ. బలహీనత ఏమిటంటే, డిప్లొమాలో మూడేళ్లు సంపాదించిన బ్రాంచి జ్ఞానం వేరే బ్రాంచికి వెళితే వృథా కావచ్చు.

*బ్రాంచి కొనసాగింపు ముందు.* డిప్లొమాలో చదివిన బ్రాంచిలోనే ముందుకు వెళ్లాలంటుంది ఇది. ఈసెట్ నిర్మాణం ఈ ఆలోచనకు దగ్గరగా ఉంది. 200 మార్కుల్లో గణితానికి 50, భౌతిక శాస్త్రానికి 25, రసాయన శాస్త్రానికి 25 పోగా, మిగిలిన 100 విద్యార్థి డిప్లొమా బ్రాంచివే. ముందు చదివినది నిజంగా పనికొచ్చేది ఈ దారిలోనే. కానీ పదిహేనేళ్ల వయసులో పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ర్యాంకును బట్టి దొరికిన బ్రాంచి జీవితాంతం వెంట ఉండాలా అన్న ప్రశ్నకు ఈ వాదం దగ్గర జవాబు లేదు.

*పునాది ముందు.* క్రెడిట్లు ఉన్నా, అవసరమైతే వాటిని వదులుకుని మొదటి ఏడాది నుంచి చదవాలన్నది దీని సారం. ఐఐటీల విధానం ఈ వాదానికి అత్యంత కఠినమైన రూపం. మెత్తని రూపం బ్రిడ్జి కోర్సు. భిన్న నేపథ్యాల నుంచి వచ్చేవారికి గణితం, భౌతిక శాస్త్రం, ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లలో విశ్వవిద్యాలయాలు తగిన బ్రిడ్జి కోర్సులు నడపాలని ఏఐసీటీఈ మార్గదర్శకాల్లోనే ఉంది. చదువు దృష్టితో చూస్తే ఇది న్యాయమైన వాదం. ఒక ఏడాది ఫీజు, హాస్టలు ఖర్చు, ఆలస్యమయ్యే జీతం భరించలేని కుటుంబానికి మాత్రం మొదటినుంచి చదవమనడం తేలికైన సలహా కాదు.

*ఖర్చు, చోటు ముందు.* పాలిటెక్నిక్‌లో చేరేవారిలో చాలామంది త్వరగా సంపాదన అవసరమైన ఇళ్ల పిల్లలు. వారికి దగ్గర్లో, తక్కువ ఖర్చుతో, డిగ్రీ చేతికొచ్చే కాలేజీయే సరైనదని ఈ వాదం. దీన్ని చిన్నచూపు చూడడం తప్పు. మధ్యలో ఆగిపోయిన పెద్ద కాలేజీ చదువుకన్నా పూర్తయిన మామూలు కాలేజీ చదువు మేలు. అయితే అన్నిటికన్నా చవకైన సీటు, బోధన బాగా లేక బ్యాక్‌లాగులు పెరిగితే, ఖరీదైన సీటుగా మారుతుంది.

కోల్‌కతాలో దారులు

జెలెట్ ర్యాంకుతో చేరగలిగే సీట్లు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీల్లో, ప్రైవేటు కాలేజీల్లో ఉంటాయి. కళ్యాణి, జల్పాయ్‌గురి ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలతో పాటు కోల్‌కతాలోనే సెరామిక్, లెదర్ టెక్నాలజీలకు ప్రత్యేక ప్రభుత్వ కాలేజీలున్నాయి. ఈ ప్రత్యేక శాఖల్లో పరిశ్రమతో సంబంధం, చేతిపని ముఖ్యం. డిప్లొమా విద్యార్థి బలం అక్కడ బాగా ఉపయోగపడే అవకాశముంది.

ప్రైవేటు కాలేజీల్లో ఎక్కువ భాగం మౌలానా అబుల్ కలాం ఆజాద్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి అనుబంధం. 2000 ప్రాంతంలో పశ్చిమ బెంగాల్ సాంకేతిక విశ్వవిద్యాలయంగా ఏర్పడిన సంస్థకు తర్వాత వచ్చిన పేరిది. అన్నీ ఒకే విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి కదా అని అన్నీ ఒకటే అనుకోకూడదు. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ తన పాఠ్యప్రణాళికను, పరీక్షలను తానే రూపొందించుకుంటుంది. బ్రిడ్జి కోర్సు పెట్టాలన్నా, ఆన్‌లైన్ క్రెడిట్లను కలుపుకోవాలన్నా దానికి వెసులుబాటు ఎక్కువ.

డిగ్రీ మధ్యలో వచ్చినవారికి తక్కువ కాలం ఉంటుందన్న సంగతిని నిబంధనలు కొన్నిచోట్ల గుర్తించాయి. తరగతి బయటి కార్యకలాపాలకు ఏఐసీటీఈ పెట్టిన యాక్టివిటీ పాయింట్లు నాలుగేళ్ల విద్యార్థికి 100, లేటరల్ విద్యార్థికి 75. గణితం విషయంలో కూడా ఇంత స్పష్టమైన సర్దుబాటు ఉంటే ఎంతో మేలు జరిగేది.

శివ్‌పూర్ కథ వేరు. జాతీయ సంస్థ అయ్యాక అక్కడి బి.టెక్ ప్రవేశాలు జేఈఈ మెయిన్ ద్వారా జరుగుతున్నాయి. సంస్థ స్థాయి పెరిగేకొద్దీ ముందు చదివిన చదువుకు తలుపులు మూసుకోవడం మన దేశంలో ఒక ధోరణి. ప్రతిభ తగ్గుతుందన్న భయం దాని వెనక ఉంది. ఆ భయానికి సమాధానం మంచి ప్రవేశ పరీక్ష, గట్టి బ్రిడ్జి కోర్సు అవుతాయి కానీ తలుపు మూసేయడం కాదని ఈ సమీక్ష అభిప్రాయం.

ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల ముందున్న ప్రశ్న

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి వర్క్‌షాపులో, రైలు ఉద్యోగాల్లో కుదురుకున్న తెలుగువారు ఖరగ్‌పూర్‌లో పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి నిర్ణయించినప్పుడు ఎక్కువగా ప్రస్తావనకు వచ్చిన ఊరు ఇదే. ఇలాంటి ఇంటి డిప్లొమా విద్యార్థికి ఆంధ్రలో చదివితే బాగుంటుందన్న కోరిక సహజం. బంధువులున్నారు, కాలేజీలు ఎక్కువ, భాష మనది.

ఇక్కడ భావోద్వేగం కన్నా నిబంధనలే ముఖ్యం. ఆంధ్రప్రదేశ్ ప్రవేశాల్లో 85 శాతం సీట్లు స్థానికులకే. మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్లు కూడా ఎవరికి పడితే వారికి తెరిచి ఉండవు. విద్యార్థి గానీ తల్లిదండ్రులు గానీ రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉండడం, లేదా అక్కడి ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు కావడం వంటి షరతులున్నాయి. మాతృభాష తెలుగు అయినంత మాత్రాన స్థానికత రాదు. ఫీజు సహాయ పథకాలు కూడా రాష్ట్ర నివాసులకే. మరోవైపు, పదేళ్లుగా బెంగాల్‌లో ఉంటున్న కుటుంబానికి 2021లో మొదలైన స్టూడెంట్ క్రెడిట్ కార్డు ద్వారా 4 శాతం సాధారణ వడ్డీకి 10 లక్షల రూపాయల వరకు రుణం పొందే వీలుంది. అందుకే చాలామంది ఖరగ్‌పూర్ తెలుగు విద్యార్థులకు వాస్తవమైన మొదటి దారి జెలెట్. ఆంధ్రకు రావాలనుకుంటే అర్హత పత్రాలను డిప్లొమా చివరి ఏడాదికి ముందే సరిచూసుకోవాలి.

ఆన్‌లైన్ క్రెడిట్లు: హామీ, ఆచరణ

స్వయం కోర్సుల నుంచి ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 20 శాతం వరకు తీసుకోవచ్చని 2016లో, 40 శాతం వరకు తీసుకోవచ్చని 2021లో యూజీసీ నిబంధనలు చెప్పాయి. 2021 జూలైలో క్రెడిట్ల బ్యాంకు, అంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు వచ్చాయి. ఇందులో జమచేసిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి. 2023 జాతీయ క్రెడిట్ చట్రం ఒక ఏడాది చదువును 1200 గంటలుగా, 40 క్రెడిట్లుగా లెక్కించి బడి నుంచి పరిశోధన దాకా ఒకే కొలమానం ఇచ్చింది.

కొలమానం ఒకటైంది కానీ నిర్ణయాధికారం కాలేజీ చేతిలోనే ఉంది. డిగ్రీ ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలని క్రెడిట్ బ్యాంకు నిబంధనలే చెప్పాయి. మిగిలిన సగంలో ఏ కోర్సును ఏ సబ్జెక్టుకు బదులుగా ఒప్పుకోవాలో ఆ సంస్థ అకడమిక్ కౌన్సిల్ తేలుస్తుంది. ఎన్‌పీటెల్ సర్టిఫికెట్ ఒకచోట ఎలక్టివ్‌కు బదులు నిలబడుతుంది, ఇంకోచోట ఆనర్స్‌కు కావాల్సిన 20 అదనపు క్రెడిట్లలో కలుస్తుంది, మరోచోట రెజ్యూమేలో ఒక పంక్తిగా మిగులుతుంది. చేరకముందు చేసిన కోర్సుకూ, చేరాక అనుమతి తీసుకుని చేసిన కోర్సుకూ కూడా ఒకే విలువ దొరుకుతుందన్న హామీ లేదు.

అమెరికా తెలుగు ఇళ్లలో ఇదే ప్రశ్న

టెక్సస్, న్యూజెర్సీల్లోని తెలుగు కుటుంబాలు ఈ ప్రశ్నను మరో రూపంలో ఎదుర్కొంటున్నాయి. అక్కడ హైస్కూల్లోనే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు, కమ్యూనిటీ కాలేజీ కోర్సులు పూర్తిచేసి, కొందరు 60 క్రెడిట్ల అసోసియేట్ డిగ్రీతో సహా విశ్వవిద్యాలయానికి వస్తారు. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల మధ్య 42 గంటల ఉమ్మడి పాఠ్యభాగం బదిలీ అవుతుంది. కాల్‌టెక్ అయితే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్‌కు క్రెడిట్ ఇవ్వదు.

అక్కడి అనుభవం ఒక సంగతిని బలంగా నిరూపిస్తుంది. చరిత్ర, ఆంగ్లం, అర్థశాస్త్రం క్రెడిట్లు ఎన్ని బదిలీ అయినా ఇంజినీరింగ్‌లో కాలం పెద్దగా తగ్గదు. కలనగణితం తర్వాతే అవకలన సమీకరణాలు, భౌతిక శాస్త్రం తర్వాతే స్టాటిక్స్, దాని తర్వాతే డైనమిక్స్. ఈ వరుసను దాటి ముందుకెళ్లే వీలు లేదు. ఎన్ని క్రెడిట్లు వచ్చాయన్నదానికన్నా అవి ఈ వరుసలో ఎక్కడ నిలబెడతాయన్నదే అక్కడా నిర్ణయాత్మకం.

పక్కపక్కన పెట్టి చూస్తే

- డిప్లొమా, లేటరల్ ఎంట్రీ: గుర్తింపు స్థిరమైనది, దాదాపు 40 క్రెడిట్ల మినహాయింపు ఖాయం. బలం ప్రయోగ నైపుణ్యం, లోటు గణితం.
- బి.ఎస్సీ, లేటరల్ ఎంట్రీ: గణితం, భౌతిక శాస్త్రం గట్టివి. వర్క్‌షాప్, డ్రాయింగ్ కొత్తవి. మొత్తం కాలం రెండేళ్లు ఎక్కువ.
- ఆన్‌లైన్ క్రెడిట్లు: లోటు పూడ్చుకోవడానికి చక్కని సాధనం. డిగ్రీలో కలుస్తాయా లేదా అన్నది కాలేజీని బట్టి మారుతుంది.
- సమాంతర డిగ్రీ: రెండో అర్హత దక్కుతుంది. లేటరల్ విద్యార్థికి మొదటి ఏడాదిలో ఆ భారం మోయడం కష్టం.
- జేఈఈ ద్వారా మొదటి నుంచి: పునాది గట్టిది, తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయి. ఒక ఏడాది కాలం, ఖర్చు అదనం.

ఇంకా తేలనివి

మొదటి ప్రశ్న సమానత్వానిది. ఇంటర్ విద్యార్థి చదివిన గణితాన్ని లేటరల్ విద్యార్థికి ఎవరు, ఎప్పుడు నేర్పాలి? బ్రిడ్జి కోర్సు తప్పనిసరి కావాలా, ఐచ్ఛికంగా ఉండాలా, దానికి క్రెడిట్ ఇవ్వాలా? మార్గదర్శకం ఉన్నా అమలు చేసే తీరు కాలేజీకో రకంగా ఉంది.

రెండోది రాష్ట్రాల సరిహద్దులది. క్రెడిట్ బ్యాంకు జాతీయమైనది, లేటరల్ ప్రవేశాలు రాష్ట్రాల చేతుల్లో, స్థానికత నియమాల మధ్య ఉన్నాయి. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో ఇంకా తేలలేదు.

మూడోది విదేశీ గుర్తింపుది. జాతీయ అక్రెడిటేషన్ బోర్డు (ఎన్‌బీఏ) ద్వారా భారత్ 2014 జూన్‌లో, ఇంజినీరింగ్ డిగ్రీల పరస్పర గుర్తింపుకు సంబంధించిన వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. దాని ప్రయోజనం ఎన్‌బీఏ టియర్-1 గుర్తింపు పొందిన కోర్సులకే దక్కుతుంది. విదేశాలకు వెళ్లాలనుకునే లేటరల్ విద్యార్థికి ఆ గుర్తింపు ఉన్న బ్రాంచి ఏదో తెలుసుకోవడం పేరున్న కాలేజీని వెతకడమంత ముఖ్యం.

నాలుగోది పెద్ద సంస్థలది. ప్రతిభ గల డిప్లొమా విద్యార్థికి ఐఐటీల్లో క్రెడిట్‌తో చోటు ఉండాలా అన్న చర్చ గట్టిగా జరగనే లేదు. చేతిపని తెలిసినవారిని పెద్ద చదువు నుంచి దూరంగా ఉంచిన ఓవర్సీరు కాలపు అలవాటును ఇంకా ఎంతకాలం మోయాలన్నది దేశం వేసుకోవాల్సిన ప్రశ్న.

ఎంపిక ఎలా

నాలుగు వాదాల్లోనూ కొంత నిజముంది, ఏ ఒక్కటీ సరిపోదు. వాటన్నిటి మీదుగా చూస్తే ఒక క్రమం కుదురుతుంది. ముందుగా అర్హత: స్థానికత, బ్రాంచి, పరీక్ష. ఆ తర్వాత భరించగల ఖర్చు. ఈ రెండూ దాటి నిలిచిన కాలేజీల మధ్య తేల్చేది పేరు ఒక్కటే కాకూడదు. లేటరల్ విద్యార్థులకు గణితంలో బ్రిడ్జి తరగతులు నిజంగా జరుగుతున్నాయా, మూడో సెమిస్టర్‌లో వారు ఎంత శాతం పాసవుతున్నారు, ఎన్‌పీటెల్ క్రెడిట్లను ఏ సబ్జెక్టులకు బదులుగా ఒప్పుకుంటున్నారు, క్యాంపస్ ఎంపికల్లో డిప్లొమా నేపథ్యాన్ని ఇంటర్‌తో సమానంగా చూస్తున్నారా అని అడగాలి. జవాబులను వెబ్‌సైట్‌లో మాత్రమే వెతక్కుండా అక్కడ చదువుతున్న లేటరల్ సీనియర్ల దగ్గర తెలుసుకోవాలి.

డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్న విద్యార్థికి చేతిలో ఒక పని కూడా ఉంది. ప్రవేశ పరీక్షకు, మూడో సెమిస్టర్‌కు మధ్య దొరికే నెలల్లో కలనగణితం, రేఖీయ బీజగణితం, అవకలన సమీకరణాలను ఎన్‌పీటెల్ పాఠాల సాయంతో పూర్తిచేయాలి. ఆ కోర్సులకు కాలేజీ క్రెడిట్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఫలితం మూడో సెమిస్టర్ పరీక్షల్లో కనిపిస్తుంది.

పాలిటెక్నిక్ నుంచి వచ్చే పిల్లలు యంత్రాన్ని విప్పి చూసినవారు, సర్క్యూట్‌ను చేత్తో కలిపినవారు. వారికి కాలేజీ ఇవ్వగల అతి విలువైనది మాఫీ చేసిన ఏడాది కాదు, ఆ చేతి అనుభవానికి తోడు కావాల్సిన సిద్ధాంత బలం. దాన్ని ఇవ్వగల కాలేజీ జాబితాలో రెండో స్థానంలో ఉన్నా మొదట ఎంచుకోదగింది.